వదిన వేలిముద్ర

ఏటా ఏడో తరగతి పిల్లలకు అర్జీ రాయడం నేర్పిస్తాను. ఎవరికి రాస్తున్నామో పైన, ఎందుకు రాస్తున్నామో మధ్యలో, ఎవరు రాస్తున్నారో కింద. సంతకం లేని అర్జీ చెత్తబుట్టకు పోతుందని బల్ల మీద కొట్టి మరీ చెబుతాను. ఈమధ్య ఆ మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు తడబడుతోంది. పిల్లలు గమనించినట్టు లేరు. ఈ దీవుల్లో పుట్టిన పిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చినంత సులువుగా రాయడం రాదు. గుణింతాలతో కుస్తీ పడుతున్నవాళ్ళకు టీచరు గొంతు సంగతి ఎందుకు పడుతుంది?

నేను గవర్నమెంటు బడిలో తెలుగు టీచర్ని. లంబాలైన్‌లో ఉంటాం. పదకొండేళ్ళుగా మా వాకిట్లో చేపల బుట్ట దించుతున్న మనిషి ఒకావిడ ఉంది. మిన్నీ బేలో ఇల్లు, భర్తకు చిన్న బోటు. మొదటి రోజునే నా మాట పట్టేసింది. "మీది సికాకులం వైపేటి?" అంది. మా నాన్నది అటువైపే అన్నాను. ఊరి పేరు అడిగింది, ఇంటిపేరు అడిగింది. ఆవిడ పుట్టిల్లు మా నాన్న ఊరికి పక్క ఊరే. ఇక చేపలు తూచకుండానే వరస కలిపేసింది. నేను ఆవిడకు వదినను, ఆవిడ నాకు వదిన. ఎవరు పెద్దో తేల్చుకునే పని పెట్టుకోలేదు.

ఇక్కడి తెలుగువాళ్ళం అందరం ఇంతే. పేరు కన్నా ముందు వరస కావాలి. సముద్రం దాటి వచ్చినవాళ్ళకు చుట్టాలు ఎక్కడుంటారు, ఇలా తయారు చేసుకోవలసిందే. ఇందులో ఒక చిక్కుంది. ఒకసారి వరస కలిశాక మధ్యలో కాగితం మాట ఎత్తకూడదు. ఎత్తితే అనుమానించినట్టే లెక్క. ఇంటి అద్దె అయినా, బోటులో వాటా అయినా, 'మన మనుషులే కదా' అన్న ఒక్క మాట మీద నడిచిపోతుంది. బళ్ళో అర్జీలు నేర్పే నేనూ ఆ మాట మీదే వ్యవసాయం మొదలుపెట్టాను.

వదిన చేతిలో ఏదో మహిమ ఉంది. వాళ్ళ రేకుల షెడ్డు మీదకు పాకిన బీరపాదు చూసి నేను నోరు తెరిచాను. మెయిన్‌ల్యాండ్ నుంచి షిప్పు నాలుగు రోజులు ఆలస్యమైతే మార్కెట్లో వాడిపోయిన కూరలకు కూడా పోట్లాడుకునే ఊరు మాది. అలాంటి చోట ఈవిడ ఇంటిమీద బీరకాయలు వేలాడుతున్నాయి. "మనిద్దరం కలిసి కూరలు పండిద్దామా?" అని నేనే అడిగాను. ఆ ఆలోచన నాదేనని ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

డాలీగంజ్ అంచున ఒక దీదీకి మామగారి కాలంలో గవర్నమెంటు సాగుకని ఇచ్చిన భూమి ఉంది. ఒంటరి మనిషి, చేసుకోలేకపోతోంది. పండినదాంట్లో వాటా ఇస్తామంటే సరేనంది. నేను తెలివిగా, భూముల లెక్కలు చూసే పట్వారీని కలిసి అడిగి వచ్చాను కూడా. సాగు చేసుకోండి, దీదీతో కాగితం రాసుకోండి, సిమెంటు గది మాత్రం అనుమతి లేకుండా లేపకండి, ఇది సాగు భూమి అన్నాడు. గది కట్టలేదు. కాగితం రాసుకోలేదు.

మొదటి రెండేళ్ళు ఎంత బాగా గడిచాయో చెప్పలేను. వానలు పట్టాయంటే అక్కడ పంటకు శత్రువు నత్త. పిడికిలంత నత్తలు రాత్రికి రాత్రి నారుమడిని నున్నగా గొరిగేసేవి. నేను స్కూలుకి వెళ్ళేలోపు, వదిన చేపలకు జెట్టీకి వెళ్ళేలోపు, ఇద్దరం చెరో బకెట్టు పట్టుకుని నత్తలు ఏరేవాళ్ళం. బకెట్లో ఉప్పు నీళ్ళు. నాకు ఒళ్ళు జలదరించేది. వదిన నవ్వేది. "పిలకాయల్ని బెత్తంతో కొడతారు, నత్తని ముట్టుకోనేకపోతన్నారా వదినా?" నేను బెత్తం వాడనని ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. నా మొహం చూస్తే వాడేదానిలాగే ఉంటానట.

వంకాయలు, మిరపకాయలు, చుక్కకూర. అన్నిటికన్నా గోంగూర. ఆ ఎర్రమట్టి వాలులో గోంగూర మనిషెత్తు పెరిగింది. అమ్మగా మిగిలినదాన్ని వదిన నిల్వ పచ్చడి పెట్టింది. రుచి చూసిన మా స్టాఫ్ రూమ్‌లో వారం రోజులు అదే మాట. డాలీగంజ్‌లో ఒక దుకాణం భయ్యా సీసాల్లో పెట్టి తెమ్మన్నాడు. అక్కడితో మేం రైతులం కాస్తా వ్యాపారులమయ్యాం.

ఆ తేడా ఏమిటో నేనే కనుక్కుని వదినకు పాఠంలా చెప్పాను. పొలంలో వంకాయ కోసి అమ్ముకునే రైతును ఫుడ్ లైసెన్సు అడగరు. వలలో చేప పట్టి అమ్ముకునేవాళ్ళనూ అడగరు. అదే గోంగూరను వండి సీసాలో పెట్టి, మీద చీటీ అంటించి అమ్మితే అది ఆహార వ్యాపారం. చిన్నదైనా సరే పేరు నమోదు చేసుకోవాలి, గడువు తీరేలోపు మళ్ళీ ఫీజు కట్టుకోవాలి, నంబరు సీసా మీద వెయ్యాలి. వదిన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా విన్నది.

"ఎవరి పేరు మీద రాయించాలి వదినా?" అంది.

అసలు పాఠం అక్కడుంది, అది నేను చెప్పలేదు. గవర్నమెంటు ఉద్యోగి డిపార్ట్‌మెంటు అనుమతి లేకుండా వ్యాపారం చెయ్యకూడదు. కావాలంటే ముందుగా అర్జీ పెట్టుకోవాలి. అర్జీ రాయడం నాకొక లెక్కా? పావుగంట పని. రాయలేదు. రూలు అడ్డమని వదినకు చెప్పాను గానీ అది సగమే నిజం. అర్జీ ప్రిన్సిపాల్ గారి చేతుల మీదుగా వెళ్ళాలి. స్టాఫ్ రూమ్‌కి తెలుస్తుంది. తెలుగు మేడం పచ్చళ్ళు అమ్ముతోందట అని నవ్వుకుంటారు. మిగిలిన సగం అదీ. నత్తలు ఏరడానికి లేని నామోషీ అర్జీ పెట్టడానికి వచ్చింది.

"మీ పేరు మీదే పెడదాం. చేతి గుణం మీదే కదా" అన్నాను.

వదిన మొహం వెలిగిపోయింది. ఏడో తరగతి దాకా చదివింది తను. ఆ సంగతి సందు దొరికినప్పుడల్లా చెబుతుంది. ఫారం మీద సంతకానికి నా పెన్ను తీసుకుని, ముందు పాత కాగితం మీద రెండుసార్లు రాసి చూసుకుంది. తర్వాత ఇంటిపేరుతో సహా పూర్తిగా, ఒక్కో అక్షరం నిలబెట్టి రాసింది. తలకట్లు కూడా పెట్టింది. ఎర్ర పెన్నుకు పని లేని సంతకం. "బాగుందా వదినా?" అంది. మా క్లాసులో ఒక్కరికీ ఇంత చక్కటి రాత లేదన్నాను. అది నిజమే చెప్పాను.

ఫారంలో ఫోన్ నంబరు గడి దగ్గర నాది వేశాను. వాళ్ళింట్లో ఉన్న ఫోను భర్తతో పాటు సముద్రం మీదే ఉంటుంది. పేరు ఆవిడది, ఫోను నాది. చాలా తెలివైన ఏర్పాటు చేశాననుకున్నాను.

మెసేజ్‌లు ఆ ఫోనుకే వచ్చాయి. లైసెన్సు గడువు దగ్గర పడుతోంది, మళ్ళీ నమోదు చేసుకోండి అని. మొదటిది వార్షిక పరీక్షల్లో వచ్చింది. చూశాను. పేపర్లు దిద్దడం అయ్యాక చూద్దామనుకున్నాను. రెండోది సెలవుల్లో వచ్చింది. అప్పుడేం అడ్డం వచ్చిందో నాకే గుర్తులేదు. మూడోది వచ్చినప్పుడు విసుక్కున్నాను. పిల్లాడు ఒక్కరోజు హోంవర్కు తేకపోతే గుమ్మం దగ్గర నిలబెట్టే మనిషిని నేను. గడువు దాటిపోయింది. పాత నంబరు చీటీలతో సీసాలు దుకాణానికి వెళ్తూనే ఉన్నాయి. వదినకు ఏమీ తెలియదు. కాగితాలు నేను చూసుకుంటున్నానని ఆవిడ నిశ్చింతగా ఉంది.

దుకాణంలో తనిఖీ జరిగింది. సీసాలు పట్టుకెళ్ళారు. నోటీసు మిన్నీ బేకి, వదిన పేరు మీద వెళ్ళింది.

చేపల బుట్టలో తడవకుండా పాలిథిన్ సంచిలో చుట్టి తెచ్చింది. హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. నేను చదువుతుంటే నా మొహమే చూస్తోంది.

"ఏటంట వదినా? కోర్టేటి?"

"కోర్టు కాదు. ఆఫీసుకి వచ్చి సంజాయిషీ ఇమ్మంటున్నారు."

"నా పేరు కొట్టేత్తారా?"

కొట్టెయ్యొచ్చు. లైసెన్సు లేకుండా అమ్మిన మనిషిగా పేరు రాసుకోవచ్చు, జరిమానా వెయ్యొచ్చు. తప్పు చేసింది నేను, జవాబు చెప్పవలసింది ఆవిడ. అది నాకు అరటిపండు ఒలిచినట్టు అర్థమైంది. "నేనూ వస్తాను. ఆ ఫోను నాదని, మెసేజ్ చూసి మర్చిపోయింది నేనేనని ఆఫీసరుకి చెబుతాను. మీరేం భయపడకండి" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఈ మాట ఇక్కడ రాసుకోకపోతే నాకు బతుకు లేదు.

"మీరుంటే నాకు భయమేటి వదినా" అని బుట్ట ఎత్తుకుంది.

ఆ రోజు సెలవు పెట్టాను. వదిన పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని వచ్చింది. చేపల వాసన రాకూడదని కాబోలు పౌడరు గట్టిగా రాసుకుంది. ఆఫీసు వరండాలో బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాం. ఏం చెప్పాలో మనసులో హిందీలో వరస పెట్టుకుంటున్నాను. అప్పుడు మెట్లెక్కి మా ప్రిన్సిపాల్ గారు వచ్చారు. మధ్యాహ్న భోజనం వంటగది కాగితాల కోసం ఆయనే స్వయంగా వచ్చారు.

"అరే మేడమ్, ఆప్ యహాఁ?" అని ఆశ్చర్యపోయారు. పక్కనున్న మనిషిని చూసి, ఈవిడెవరని అడిగారు.

జవాబుకు నేను ఆలోచించలేదు. అదే నన్ను ఇప్పటికీ తినేస్తోంది. ఆలోచిస్తే కదా, భయపడి అబద్ధం చెప్పానని సర్దిచెప్పుకోగలిగేది. మాట దానంతటదే వచ్చింది.

"హమారే ఘర్ మే మఛ్లీ దేతీ హై సర్. నోటీస్ ఆయా హై, బేచారీకో సమఝ్ మే నహీ ఆతా. ఇస్లియే సాథ్ ఆయీ."

మా ఇంటికి చేపలు తెస్తుంది. నోటీసు వచ్చింది, పాపం అర్థం కాదు, అందుకని తోడు వచ్చాను. ప్రిన్సిపాల్ గారు చాలా సంతోషించారు. టీచర్లంటే ఇలా ఉండాలన్నారు. నేను నవ్వాను. ముప్ఫై ఏళ్ళుగా ఈ దీవుల్లో బతుకుతున్న వదినకు హిందీ నాకన్నా బాగా వచ్చు. తల తిప్పి నా వైపు చూడలేదు. ఒళ్ళో ఉన్న నోటీసును మడత మీద మడత పెడుతోంది.

లోపలికి పిలిచారు. తన పని మీద మాతోపాటే లోపలికి వచ్చిన ప్రిన్సిపాల్ గారికి కుర్చీ వేశారు. వదిన బల్ల ముందు నిలబడింది. నేను ఆవిడ వెనక. ఆఫీసరు చిన్నవాడే, మర్యాదగానే మాట్లాడాడు. లైసెన్సు గడువు తీరాక ఎందుకు అమ్మారని అడిగాడు. వదిన ఒక్క క్షణం ఆగింది. నా కోసమే ఆగిందని నాకు తెలుసు. నా కళ్ళు ప్రిన్సిపాల్ గారి చెప్పుల మీద ఉన్నాయి.

"మీ ఫోనుకి మూడుసార్లు మెసేజ్ వెళ్ళింది. ఈ నంబరు మీదే కదా?" అని ఆఫీసరు స్క్రీన్ చూసి అంకెలు చదవడం మొదలుపెట్టాడు.

ఆ నంబరు ప్రిన్సిపాల్ గారి ఫోనులో ఉంది. రోజూ ఆయన నాకు ఫోన్ చేసే నంబరే. రెండంకెలు చదివాడో లేదో, వదిన గట్టిగా అడ్డం పడింది.

"సాబ్, మేరాఇచ్ నంబర్ హై. మెసేజ్ ఆయా హోగా. ముఝే పఢ్‌నా నహీ ఆతా సాబ్."

ఆ నంబరు నాదే, నాకు చదవడం రాదు సార్ అంది. ఏడో తరగతి చదివిన మనిషి. తలకట్లు పెట్టి సంతకం చేసే మనిషి. ఆఫీసరు అంకెలు ఆపేశాడు. పాపం అన్నట్టు చూశాడు. ప్రిన్సిపాల్ గారు కూడా అలాగే చూశారు. మొదటిసారి కాబట్టి హెచ్చరికతో వదిలేస్తున్నానని, పట్టుకున్న సరుకు తిరిగి రాదని, కొత్తగా నమోదు అయ్యేదాకా ఒక్క సీసా అమ్మకూడదని చెప్పి కాగితం మీద రాశాడు. పెన్ను ఆవిడ వైపు జరపబోయి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తీసుకున్నాడు. సొరుగులోంచి ఇంకు ప్యాడు తీసి ముందు పెట్టాడు.

"అంగూఠా లగాయియే."

ఇప్పుడైనా నేను మాట్లాడవచ్చు. ఆవిడకు సంతకం వచ్చు అని ఒక్క ముక్క చాలు. వదిన ప్యాడు వైపు చూసింది. ఎడమ చెయ్యి చాపింది. బొటనవేలు అద్ది, చూపించిన చోట నొక్కింది. ఎక్కడ నొక్కాలో తెలియనట్టు రెండోసారి అడిగింది కూడా. అంత బాగా నటించింది నా కోసం.

బయటకు వచ్చి బస్టాపులో నిలబడ్డాం. నేను ఏడుస్తున్నాను. వదిన వేలిని చీర కొంగుకు రుద్దుతోంది. మంచి చీరకు మరక అయింది. "వదినా, నేను..." అన్నాను. "ఎండెక్కిపోతంది, బస్సొచ్చేత్తంది ఎల్లండి" అంది. కోపంగా అనలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త నిద్ర పట్టేది. మర్నాడు మామూలుగానే చేపలు తెచ్చింది. సూరమీనును బుట్టలోంచి తీస్తుంటే బొటనవేలి మీద ఆ నీలం ఇంకా ఉంది. మూడు రోజులు ఉంది. నాలుగో రోజు నుంచి నేను గమనించిన సంగతి ఇంకొకటి. మాట్లాడుతోంది గానీ నన్ను ఏమనీ పిలవడం లేదు.

వారం తిరక్కుండా ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాను. అనుమతి కోసం రాసిన అర్జీ బల్ల మీద పెట్టాను. ఆ నంబరు నాదని, ఆ పొలంలో సగం కష్టం నాదని, ఆవిడకు చదువు వచ్చునని, ఆ రోజు నేను చెప్పింది దొంగమాటని అంతా చెప్పాను. ఆయన అర్జీ మీద సంతకం పెట్టి పైకి పంపారు. స్టాఫ్ రూమ్‌లో తెలిసింది. నవ్వారు. రెండు రోజులు నవ్వి మర్చిపోయారు. దీనికా నేను భయపడింది!

కొన్ని నెలలకు జవాబు వచ్చింది. సాగు చేసుకోవచ్చు, వ్యాపారం చెయ్యకూడదు. దాంతో సీసాల వ్యాపారం పూర్తిగా వదినది, పొలం సాగు ఇద్దరిదీ. ఈసారి కొత్త ఫారం మీద ఆఫీసరు ముందే ఆవిడ చేత సంతకం పెట్టించి, ఆవిడ కొనుక్కున్న కొత్త ఫోను నంబరే ఇప్పించాను. దీదీతో రాసుకోవలసింది రాసుకున్నాం. ఇక మా ఇద్దరి మధ్య ఒప్పందం మిగిలింది. స్టాంపు కాగితం తెచ్చి, నేనే తెలుగులో రాశాను. ఎవరి పని ఏమిటి, పంటలో ఎవరి వాటా ఎంత, ఒకరు మానుకుంటే రెండోవాళ్ళకు ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, కాగితాల గడువులు ఎవరు చూడాలి. పదిసార్లు దిద్దుకున్నాను. నా జన్మలో అంత జాగ్రత్తగా ఏదీ రాయలేదు.

పొలం గట్టు మీద కూర్చుని, చదివి వినిపిస్తానన్నాను.

"ఇలా ఇచ్చియ్యండి. నాను సదువుకుంతాను" అంది.

వేలు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి పైకే చదివింది. ఒత్తుల దగ్గర ఆగి, సరిచూసుకుని, మళ్ళీ సాగింది. నేను నత్తలు తిన్న ఆకుల కేసి చూస్తూ కూర్చున్నాను. మొదటి పేజీలో ఒక వాక్యం దగ్గర ఆ వేలు ఆగిపోయింది. 'మేమిద్దరం వరసకు వదినామరదళ్ళం, పదకొండేళ్ళుగా ఒకరినొకరం నమ్ముకుని ఉన్నవాళ్ళం' అని రాశాను. చట్టానికి అక్కర్లేని వాక్యం. నాకు కావాలని రాసుకున్నాను.

"ఇది కాయితంలో ఎందుకు మేడం? తీసెయ్యండి" అంది.

మెల్లగానే అంది. అటు తర్వాత మిగిలిన పేజీలు కూడా చివరిదాకా చదివి, ఇంటిపేరుతో సహా సంతకం పెట్టి, పెన్ను నా చేతికిచ్చింది. నేను ఆ వాక్యం మీద గీత కొట్టాను. స్టాంపు కాగితం మీద ఏదైనా కొట్టేస్తే పక్కన ఇద్దరూ సంతకం పెట్టాలి, లేకపోతే చెల్లదు. ఆ సంగతి చెప్పాను. పెట్టాం.